టాకో పాస్తా బేక్: మన మసాలా డబ్బాతో రాత్రి భోజనానికి

మన ఇళ్ళల్లో క్యాసరోల్ అంటే చపాతీలు చల్లారకుండా దాచుకునే హాట్‌బాక్స్. అమెరికా వంటల్లో ఆ మాటకు అర్థం వేరు. లోతైన గిన్నెలో అన్నీ కలిపి, పైన చీజ్ చల్లి, ఓవెన్‌లో పెట్టి, ఆ గిన్నెనే తెచ్చి వడ్డించేస్తారు. అలాంటి వంటలన్నిటికీ ఆ పేరే. టాకో పాస్తా వాటిలో ఒకటి. టాకో (మొక్కజొన్న రొట్టెలో కూర పెట్టి మడిచి తినేది) మెక్సికోది, పాస్తా ఇటలీది, రెండింటికీ ముడిపెట్టింది అమెరికా వంటిళ్ళు. అసలు టాకోతో దీనికి ఉన్నది దూరపు చుట్టరికమే.

కర్నూలు, అనంతపురం, కడప ఇళ్ళల్లో దీనికి కావలసిన మసాలా చాలావరకు ఇప్పటికే ఉంది. మిరప, జీలకర్ర, తెల్లగడ్డ, ఎర్రగడ్డ: టాకో వాసనంటే ముఖ్యంగా ఈ నాలుగే. కొత్తగా కొనవలసింది ఒరెగానో ఒక్కటి. మిరప, టమాటా, మొక్కజొన్న మెక్సికో వైపు నుంచి మన దగ్గరికి వస్తే, జీలకర్ర స్పెయిన్ వాళ్ళ చేతుల మీదుగా అటు వెళ్ళింది. కాబట్టి మసాలా గురించి భయపడే పని లేదు. ఈ వంట చెడేది నీళ్ళ దగ్గర. పాస్తా ఎంత నీరు తాగుతుందో, ఎప్పుడు తాగుతుందో తెలిస్తే మిగతాదంతా మామూలు కీమా కూరంత పనే.

కింది కొలతలు నలుగురికి సరిపోతాయి. అన్నీ చేతికి అందేలా ఉంటే 55 నిమిషాలు పడుతుంది. అందులో చివరి 25 నిమిషాలు మీరు పొయ్యి దగ్గర ఉండనక్కర్లేదు.

ముందు కారం సంగతి

ఇంటర్నెట్‌లో దొరికే అమెరికా రెసిపీ చూసి చేసేవాళ్ళు మొదట దెబ్బతినేది ఇక్కడే. అందులో "చిల్లీ పౌడర్ 2 టేబుల్ స్పూన్లు" అని ఉంటుంది. అక్కడ ఆ పేరుతో అమ్మేది వట్టి మిరపపొడి కాదు. ఘాటు తక్కువున్న మిరపకు జీలకర్ర, ఒరెగానో, వెల్లుల్లి పొడి కలిపిన మసాలా అది. మన కారం 2 టేబుల్ స్పూన్లు 300 గ్రాముల కీమాలో పడిందంటే ఇక ఆ గిన్నె ముట్టేవాళ్ళుండరు. సంగటిలోకి ఊరిబిండి నంజుకునే వాళ్ళు కూడా నీళ్ళ చెంబు వెతుక్కుంటారు.

ఈ వంటకు కారం కన్నా రంగు ముఖ్యం. బ్యాడగి మిరప ఎండబెట్టి పట్టించిన పొడి దీనికి చక్కగా సరిపోతుంది: ఎరుపు ఎక్కువ, మంట తక్కువ. కర్ణాటక పక్కనే కాబట్టి అనంతపురం, ఆదోని అంగళ్ళలో దాని కోసం వెతుక్కోనక్కర్లేదు. అది లేకపోతే కాశ్మీరీ కారం వాడండి. ఇంట్లో ధనియాలు, మెంతులు, తెల్లగడ్డ వేసి పట్టించిన కూరకారం మాత్రం వద్దు. మెంతుల చేదు చీజ్‌తో అసలు పొసగదు.

టాకో పొడి

ఒకసారి వండడానికి:

జీలకర్ర పొడి 2 టీస్పూన్లు (వేయించి దంచినది)
బ్యాడగి లేదా కాశ్మీరీ కారం 2 టీస్పూన్లు
మామూలు కారం అర టీస్పూన్
ధనియాల పొడి 1 టీస్పూన్
ఎండు ఒరెగానో ఒకటిన్నర టీస్పూన్లు
మిరియాల పొడి పావు టీస్పూన్
ఉప్పు ముప్పావు టీస్పూన్
చక్కెర అర టీస్పూన్
కార్న్‌ఫ్లోర్ 1 టీస్పూన్

జీలకర్రను సన్నమంట మీద పెనంలో వేయించండి. ఒక గింజను వేళ్ళ మధ్య నలిపితే పొడయ్యి, వాసన ముక్కుకు తగలాలి. అక్కడే ఆపేయాలి. ఇంకొంచెం నల్లబడితే చేదు, ఆ చేదును ఎంత చీజ్ వేసినా కప్పలేరు. అన్నీ కలిపి మూత గట్టిగా ఉన్న సీసాలో పెడితే రెండు నెలలు వాసన నిలుస్తుంది. ఆదివారం నాలుగింతలు చేసి పెట్టుకుంటే పనిరోజున పది నిమిషాలు మిగులుతాయి.

ఒరెగానో విడిగా కొనలేదా? పిజ్జాతో వచ్చి ఫ్రిజ్ తలుపులో పడి ఉన్న పొట్లాలు రెండు మూడు చింపండి. అవీ లేకపోతే రెండు చిటికెల వామును అరచేతిలో నలిపి వేయండి. వాముకు ఆ ఘాటునిచ్చే థైమాల్ ఒరెగానోలో కూడా ఉంటుంది, అందుకే ఇది అచ్చంగా కాకపోయినా దగ్గరగా వస్తుంది. అయితే వాము చాలా గట్టిది. అర టీస్పూన్ దాటితే ఇంటిల్లిపాదీ అజీర్తి మందు తిన్నట్టే ఉంటుంది.

అల్లం, పసుపు, గరం మసాలా వేయకండి. చెయ్యి దానంతట అదే అటు పోతుంది, ఆపుకోవాలి. అల్లం పడిన మరుక్షణం అది కీమా కూరవుతుంది, లవంగం చెక్క పడితే కుష్కా గుర్తొస్తుంది. అవి మంచివే కానీ ఈ వంటవి కావు. టాకో రుచిలో ముందు తగలాల్సింది జీలకర్ర, ఆ వెనకే మిరప. మిగతావన్నీ వాటి నీడలో ఉండాలి.

పొద్దున కారం దోశలకు నూరిన ఎర్రకారం మిగిలి ఉంటే అదృష్టమే. అందులో ఉన్నవి ఎండుమిర్చి, ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉప్పు. పొడిలోని కారాలు రెండూ తీసేసి, ఎర్రకారం 2 టీస్పూన్లు నూనెలో పచ్చివాసన పోయేదాకా వేయించి వాడుకోవచ్చు. అప్పుడు ఉప్పు అర టీస్పూన్‌కు తగ్గించండి.

కావలసినవి

పెన్నె పాస్తా 250 గ్రాములు
చికెన్ కీమా 300 గ్రాములు
ఎర్రగడ్డలు 2, నడిరకంవి
తెల్లగడ్డ 8 రెబ్బలు
టమాటాలు 400 గ్రాములు, అంటే 5 లేదా 6
క్యాప్సికం 1
స్వీట్ కార్న్ గింజలు అర కప్పు
చెనిక్కాయ నూనె 2 టేబుల్ స్పూన్లు
గట్టి పెరుగు అర కప్పు, గుడ్డలో అరగంట వడగట్టినది (లేదా ఫ్రెష్ క్రీమ్ అర కప్పు)
ప్రాసెస్డ్ చీజ్ క్యూబులు 2, అంటే 50 గ్రాములు
మొజరెల్లా 120 గ్రాములు
జొన్న రొట్టె 1
నిమ్మకాయ సగం, కొత్తిమీర గుప్పెడు

కప్పు అంటే 240 మిల్లీలీటర్లు, టేబుల్ స్పూన్ 15, టీస్పూన్ 5.

పాస్తా కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చూడండి. డ్యూరం గోధుమ రవ్వ అని ఉన్నది తీసుకోండి. మైదాతో చేసిన చవక పాస్తా ఉప్మాకైతే సరే గానీ, రెండుసార్లు వేడి తగిలే ఈ వంటలో ముద్దయిపోతుంది. లోపల బొక్క ఉన్న ఆకారం కావాలి: పెన్నె గానీ మాకరోనీ గానీ. కీమా ఆ బొక్కల్లోకి దూరి కూర్చుంటుంది. స్పగెట్టి ఇందులో పనికిరాదు.

చీజ్ రెండు రకాలు ఎందుకంటే, రెండూ చేసే పని వేరు. క్యూబు చీజ్‌లో కలిపే ఉప్పులు కొవ్వునూ నీటినీ విడిపోకుండా పట్టి ఉంచుతాయి, అందుకే అది గ్రేవీలో నున్నగా కరుగుతుంది. పైన వేస్తే సరిగా రంగు రాదు. మొజరెల్లా పైన సాగుతుంది, ఎర్రబడుతుంది. గ్రేవీలో వేస్తే ఉండకట్టి గరిటెకు చుట్టుకుంటుంది. తురిమేది ఫ్రిజ్ నుంచి తీసిన వెంటనే. కడప మే నెలలో పది నిమిషాలు బయట పెట్టారంటే తురుము పీటకు అంటుకునే ముద్దే మిగిలేది.

టమాటాలు ధర పడిపోయినప్పుడు, ముఖ్యంగా పత్తికొండ వైపు బుట్టలు బుట్టలుగా దిగే రోజుల్లో, 3 కిలోలు ఒకేసారి ఉడికించి, రుబ్బి, సగానికి మరిగించి ఏడు డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టుకోండి. ఒక్కో డబ్బా ఒకసారికి. ధర మండే నెలలో ఆ డబ్బాల విలువ తెలుస్తుంది.

కీమా: శబ్దం మారేదాకా

పాస్తాకు రెండున్నర లీటర్ల నీళ్ళు పెద్దమంట మీద పెట్టాకే ఎర్రగడ్డ కోయడం మొదలుపెట్టండి. ఇంటి గ్యాస్ మీద అవి తెర్లడానికి ఎలాగూ పన్నెండు పదిహేను నిమిషాలు పడుతుంది.

కీమా మిషన్‌లో ఒక్కసారే తిప్పమని చెప్పండి. రెండుసార్లు తిప్పితే గుజ్జవుతుంది, వేగదు. ఇంటికి తెచ్చి కడిగారంటే జల్లెడలో వేసి, గరిటె వెనకతో నొక్కి, పది నిమిషాలు నీరు కారనివ్వండి. ఈ ఒక్క పని వదిలేస్తే తర్వాత ఎంతసేపు పొయ్యి మీద ఉంచినా కీమా వేగదు, ఉడుకుతుంది. బూడిద రంగు తిరుగుతుంది.

వెడల్పాటి మందపాటి బాండలి బాగా కాలాక నూనె పోసి, కీమాను పలచగా పరచండి. మూడు నిమిషాలు ముట్టుకోకండి. కలపాలని చెయ్యి దురద పెడుతుంది, అయినా వద్దు. తర్వాత తిప్పి, ఉండలు చిదిమి, మళ్ళీ వదిలేయండి. ముందు నీరు ఊరి, ఎసరు కాగుతున్నట్టు బుసబుస వినిపిస్తుంది. ఆ నీరు ఇగిరిపోగానే శబ్దం చిటపటలోకి మారుతుంది. అప్పటిదాకా ఉడుకుతున్నది అక్కడి నుంచి వేగడం మొదలైనట్టు. అడుగున గోధుమరంగు పొర కనిపిస్తుంది. అది మాడు కాదు, రుచంతా దాంట్లోనే ఉంది. టమాటా పోసినప్పుడు దాన్ని గీకి కలుపుకోవాలి.

కీమాను ఒక పక్కకు జరిపి, ఖాళీ చోట ఎర్రగడ్డ తరుగు వేసి నాలుగు నిమిషాలు వేయించండి. కర్నూలు యార్డుకు కొత్తగా దిగిన ఖరీఫ్ పంటైతే నీరు ఎక్కువ, మరో రెండు నిమిషాలు పట్టవచ్చు. దంచిన తెల్లగడ్డ అర నిమిషం. ఇప్పుడు మంట బాగా తగ్గించి, టాకో పొడి చల్లి, 40 సెకన్లు తిప్పండి. మసాలా పచ్చివాసన పోయేది ఇక్కడే, నూనెలోనే. నీరు పడ్డాక పొడి వేస్తే ఎంత మరిగినా పిండివాసన వదలదు. పొడి అడుగుకు అంటుతోందనిపిస్తే రెండు చెంచాల నీళ్ళు చిలకరించండి.

టమాటాలను పచ్చిగానే మిక్సీ పట్టి పోసి, అడుగు గీకి, నడిమంట మీద ఎనిమిది నిమిషాలు. అంచుల్లో నూనె తేలాలి. నాటు టమాటా అయితే పులుపు ఎక్కువ, చివర్లో నిమ్మరసం మానేయండి.

మటన్ కీమా వాడేవాళ్ళు ముందే పావు కప్పు నీళ్ళతో కుక్కర్‌లో నాలుగు విజిల్స్ రానిచ్చి, ఆ రసాన్ని పారబోయకుండా పాస్తా నీళ్ళలో కొంత భాగంగా లెక్కేసుకోవాలి. రుచి చికెన్ కన్నా మెరుగే, పనిరోజుకు మాత్రం చికెనే సుఖం.

పాస్తా: మధ్యలో తెల్లచుక్క

నీళ్ళు తెర్లాక ఒకటిన్నర టేబుల్ స్పూన్ ఉప్పు, తర్వాత పాస్తా. నూనె వేయొద్దు. వేస్తే పాస్తా జారుడుగా మారి గ్రేవీ పట్టుకోదు. మొదటి నిమిషం బాగా కలపండి, అతుక్కునేది అప్పుడే.

ప్యాకెట్ మీద రాసిన సమయంలో మూడు నిమిషాలు తగ్గించండి. 11 అని ఉంటే 8 దగ్గర ఒక ముక్క తీసి, కత్తితో అడ్డంగా కోసి చూడండి. చుట్టూ పసుపుగా, గోడ మందం మధ్యలో సన్నటి తెల్లగీత గానీ, గసగసాల గింజంత తెల్లచుక్కలు గానీ కనిపించాలి. పంటికి గట్టిగా తగలాలి. "ఇంకొంచెం ఉడికితే తినొచ్చు" అనిపించేచోట దించేయడమే. ఓవెన్‌లో అది గ్రేవీ తాగుతూ మిగతా ఉడుకు పూర్తిచేసుకుంటుంది. ఇక్కడే మెత్తగా ఉడికిస్తే ఇక తాగే చోటు ఉండదు, పగిలి పిండవుతుంది.

వార్చే ముందు ఒకటిన్నర కప్పు నీళ్ళు తీసి పక్కన పెట్టండి. గంజి వార్చే అలవాటున్న చెయ్యి ఇక్కడ మొత్తం పారబోస్తుంది, జాగ్రత్త. ఆ నీళ్ళలోని పిండి గ్రేవీని చిక్కగా పట్టి ఉంచుతుంది. వార్చిన పాస్తాను చన్నీళ్ళతో కడగొద్దు.

నీళ్ళ లెక్క

250 గ్రాముల పచ్చి పాస్తా పూర్తిగా ఉడికితే సుమారు 550 గ్రాములవుతుంది. మనం దించినప్పుడు అది 450 దగ్గర ఉంటుంది. అంటే ఇంకో 100 మిల్లీలీటర్ల నీరు లోపలికి పోవాలి. ఓవెన్‌లో ఆవిరయ్యేది, గిన్నె దించాక గట్టిపడేది అదనం. అందుకే కీమాలో 1 కప్పు పాస్తా నీళ్ళు పోసి, క్యాప్సికం ముక్కలు, కార్న్ వేసి రెండు నిమిషాలు మరిగించి పొయ్యి ఆపేయాలి.

ఇప్పుడు క్యూబు చీజ్ తురుము వేసి కరిగేదాకా కలపండి. పెరుగులో ఒక టీస్పూన్ మైదా వేసి ఉండలేకుండా గిలక్కొట్టి, గ్రేవీ బుడగలు తగ్గాక, ముందు రెండు గరిటెల వేడి గ్రేవీ పెరుగులోకి, ఆ తర్వాత ఆ పెరుగు బాండలిలోకి. మజ్జిగ పులుసుకు శనగపిండి కలిపేది ఎందుకో ఇదీ అందుకే: పిండి లేకుండా వేడి తగిలితే పెరుగు విరుగుతుంది. క్రీమ్ అయితే ఈ బాధ లేదు, పొయ్యి ఆపాక నేరుగా పోయొచ్చు.

పాస్తా వేసి కలపండి. చూడ్డానికి జారుగా, "నీళ్ళెక్కువయ్యాయేమో" అని అనుమానం వచ్చేలా ఉండాలి. బిసిబేళబాత్ చేసేవాళ్ళకు ఇది తెలిసిన సంగతే: గిన్నెలో జారుగా ఉన్నదే కంచంలో సరిగా ఉంటుంది, గిన్నెలో సరిగా ఉన్నది కంచంలో ఉండకడుతుంది. గరిటెతో తీసి వంచితే పాస్తా ముక్కల మధ్య నుంచి గ్రేవీ విడిగా కారాలి. కారకపోతే మిగిలిన అర కప్పు నీళ్ళలోంచి కొంచెం కొంచెం కలపండి. ఉప్పు ఇప్పుడే చూసుకోండి, పైన పడే చీజ్‌లో కూడా ఉప్పుందని గుర్తుపెట్టుకుని.

ఓటీజీలో (కరెంటు ఓవెన్‌లో)

రెండు లీటర్ల గాజు గిన్నె గానీ తొమ్మిది అంగుళాల చదరపు ట్రే గానీ తీసుకోండి. నూనె రాసి, సర్ది, మొజరెల్లా చల్లండి. రెండు రాడ్లతో 200 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ముందుగా కాగిన ఓవెన్‌లో మధ్య అర మీద, పైన అల్యూమినియం ఫాయిల్ కప్పి 12 నిమిషాలు. ఫాయిల్‌కు లోపలివైపు రెండు చుక్కల నూనె రాస్తే చీజ్ దానికంటుకుని లేచిరాదు. తర్వాత ఫాయిల్ తీసి, పై రాడ్ ఒక్కటే పెట్టి 5 నుంచి 7 నిమిషాలు. చీజ్ మీద అక్కడక్కడ రూపాయి బిళ్ళంత గోధుమ మచ్చలు రాగానే తీసేయండి. అంతకు మించితే చీజ్‌లోని నూనె పైకి తేలి, అడుగుది రబ్బరవుతుంది.

1500 వాట్ల ఓటీజీ 40 నిమిషాలు ఆపకుండా నడిచినా అయ్యే కరెంటు ఒక యూనిట్. మధ్యలో కరెంటు పోతే తలుపు తీయకండి, లోపలి వేడికే సగం పని అవుతుంది.

ఓవెన్ లేకుండా

ఎండాకాలం ఓవెన్ ఉన్నవాళ్ళు కూడా ఇదే మేలనుకుంటారు. బిర్యానీ దమ్ము పెట్టడం వచ్చినవాళ్ళకు కొత్త విద్యేమీ కాదు. మందపాటి వెడల్పు గిన్నెలో మిశ్రమం సర్ది, చీజ్ చల్లండి. పొయ్యి మీద ఇనుప పెనం బాగా కాగాక మంట సన్నగా తగ్గించి, పెనం మీద గిన్నె పెట్టండి. మూతకు పలచటి గుడ్డ చుట్టి, కొసలు పైకి ముడేయండి, మంట దగ్గర వేలాడకూడదు. గుడ్డ లేకపోతే ఆవిరి నీరై చీజ్ మీద కారి, అది తెల్లటి నీళ్ళ మడుగవుతుంది. 12 నిమిషాల్లో చీజ్ కరుగుతుంది.

గోధుమ మచ్చలు మాత్రం రావు. ఆ లోటు జొన్న రొట్టె తీరుస్తుంది.

పైన కరకర

టాకో పెంకును గుర్తుచేసేది కరకరే. అక్కడివాళ్ళు చిప్స్ నలిపి వేస్తారు. మనకు రొట్టె ఉంది. మొక్కజొన్నను సున్నపు నీళ్ళలో ఉడికించి రుబ్బి చేసేది మెక్సికో టోర్టియా, ఆ సున్నపు వాసన జొన్న రొట్టెకు రాదు గానీ, కమ్మదనంలో ఏమీ తీసిపోదు. నిన్నటి రొట్టెను పెనం మీద సన్నమంట పెట్టి, రెండువైపులా నొక్కుతూ, వంచితే ఫటుక్కున విరిగేదాకా కాల్చండి. ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. చల్లారాక చేత్తో పెద్ద పలుకులుగా నలపండి.

దీన్ని వడ్డించే ముందే చల్లాలి. ముందే వేస్తే ఆవిరికి నాని తోలవుతుంది. గిన్నె దించాక ఎనిమిది నిమిషాలు ఆగాలి, ఆ లోపల గ్రేవీ సర్దుకుంటుంది. ఆగకుండా గరిటె పెడితే అడుగున చారు, పైన ముద్ద. ఆగాక రొట్టె పలుకులు, కొత్తిమీర, నిమ్మరసం, సన్నగా తరిగిన పచ్చి ఎర్రగడ్డ. పక్కన పల్చటి మజ్జిగ చాలు.

మాంసం లేకుండా

రాజ్మా వాడేవాళ్ళు ముప్పావు కప్పు గింజలు 8 గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళతో కుక్కర్‌లో ఆరు విజిల్స్ ఇవ్వాలి. సగం ఉడికిన రాజ్మా కడుపును తిప్పేస్తుంది, అందులోని లెక్టిన్ అనే విషపదార్థం బాగా మరిగితేనే చస్తుంది. ముందురోజు నానబెట్టడం మరిచిపోయినవాళ్ళకు అలసందలు మంచి దారి. నాలుగు గంటలు నానితే మూడు విజిల్స్‌కు మెత్తబడతాయి, మట్టివాసన కలిసిన ఆ కమ్మదనం జీలకర్రకు బాగా కుదురుతుంది. సగం గింజలను గరిటెతో చిదిమి వేస్తే గ్రేవీకి ఒళ్ళు వస్తుంది. మీల్‌మేకర్ గ్రాన్యూల్స్ అయితే 60 గ్రాములు వేడినీళ్ళలో నానబెట్టి, గట్టిగా పిండి, కీమాలాగే నూనెలో వేయించండి. పిండకపోతే ఆ పచ్చివాసన వంటంతా పాకుతుంది.

చెడితే

పొడిపొడిగా వచ్చిందా? పాలు పావు కప్పు వేడిచేసి అంచుల నుంచి పోసి, మూతపెట్టి ఐదు నిమిషాలు వదలండి. మధ్యలో పోస్తే చీజ్ పైనే ఆగిపోతుంది.

అడుగున నీళ్ళు తేలితే సాధారణంగా టమాటా సరిగా మగ్గలేదు, లేదా ఫ్రీజర్ కార్న్‌ను మంచుతోనే వేశారు. ఫాయిల్ లేకుండా ఇంకో ఐదు నిమిషాలు అడుగు రాడ్‌తో ఉంచండి.

చప్పగా ఉంటే చాలామంది కారం చల్లుతారు. కారం కాదు, పులుపూ ఉప్పూ చూడాలి. చీజ్ కొవ్వు నాలుకను కప్పేస్తుంది, దాన్ని చీల్చేది నిమ్మరసం. కారం ఎక్కువైతే పైన వడగట్టిన పెరుగు చెంచాడు వేసి ఇవ్వండి, చక్కెర కలపొద్దు.

చిక్కదనం కోసం పప్పుల పొడి వేద్దామనిపిస్తుంది, మన చేతికి దగ్గరగా ఉండేది అదే కాబట్టి. వేస్తే గ్రేవీ నిమిషంలో సిమెంటవుతుంది.

ముందే చేసి పెట్టుకోవడం, మిగిలితే

పొద్దునే కలిపి ఫ్రిజ్‌లో పెట్టి, రాత్రి ఓవెన్‌లో పెట్టుకోవచ్చు. పాస్తా రోజంతా నీరు తాగుతూనే ఉంటుంది కాబట్టి అదనంగా పావు కప్పు నీళ్ళు, ఫాయిల్ కింద అదనంగా పది నిమిషాలు. గాజు గిన్నెను ఫ్రిజ్ నుంచి తీసి అరగంట బయట ఉంచాకే వేడి ఓవెన్‌లోకి, లేదంటే పగలొచ్చు. అల్యూమినియం ట్రేలో రాత్రంతా నిలవ ఉంచకండి, టమాటా పులుపుకు లోహం రుచి దిగుతుంది.

మిగిలింది ఫ్రిజ్‌లో రెండు రోజులు బాగుంటుంది. కంచానికి రెండు టేబుల్ స్పూన్ల పాలు చిలకరించి, మూతపెట్టి, సన్నమంట మీద వేడిచేయండి. ఒక కంచానికి కూడా రానంత మిగిలితే, పొద్దున దోశ మీద ఎర్రకారం పూసి, పప్పుల పొడి బదులు దీన్నే పరిచి మడవండి. పెన్నెను ముందు కత్తితో సన్నగా తరగండి, లేకపోతే మడిచేచోట దోశ చిరుగుతుంది.